నలభై చీరలున్న ఫోను

చీరలు నేసే ఇంట్లో చీరలుండవు. ఈ మాట చెబితే బయటి ఊళ్ళవాళ్ళు నమ్మరు. ధర్మవరంలో మా ఇంటి మగ్గం మీద ముప్పై ఏళ్ళుగా పట్టుచీరలు దిగుతూనే ఉన్నాయి. నా పెట్టెలో మాత్రం పెళ్ళినాటి చీర ఒక్కటే ఉంది. మగ్గం మీద నుంచి చీర కోసిన రోజే మడతపెట్టి షావుకారు అంగడికి పంపేస్తాం. ఏడెనిమిది రోజులు అన్నం తినేటప్పుడూ, దారం కండెలు చుట్టేటప్పుడూ కళ్ళ ముందే ఉన్న రంగు మరునాటికి ఉండదు. దాని చోట్లో ఇంకో రంగు మొదలవుతుంది. పోయిన నెలలో ఏ అంచు నేసినావని అడిగితే నేసిన మనిషికే గుర్తుండదు.

నాకు యాభై దాటినాక అక్షరాలు వచ్చాయి. మా వీధిలో చదువుకున్న కోడలొకామె ఉంది. మధ్యాహ్నం అన్నాలు తిని మగ్గాలు ఆగే గంటలో, మహిళా సంఘం గదిలో మాకు పలకలిచ్చి కూర్చోబెట్టేది. తొమ్మిదిమందిమి మొదలుపెట్టి నలుగురం మిగిలాం. వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన రోజున నేను ఇంటికి వచ్చి గోడ మీద క్యాలెండరు చదివాను. అప్పటి నుంచి నా కళ్ళు ఊరుకోవు. బస్సు వెనక, సబ్బు కాగితం మీద, మందు సీసా మీద, ఏముంటే అది చదువుతాయి.

అదే ఏడాది దీపావళి అయిన వారంలో మా కూతురు నాకు ఫోను కొనిచ్చింది. ఆమె పెనుకొండలో ఉంటుంది, అక్కడి ఆస్పత్రిలో నర్సు. ఫోటో తీయడం ఒక్కటి నేర్పించి పోయింది. ఆ వారమే మగ్గం మీద నుంచి వంగపండు రంగు చీర దిగింది. మా ఆయన మడతపెట్టబోతుంటే ఆగమని, పైటకొంగు పరిచి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో 'వంగపండు, హంస అంచు' అని రాసి కొంగు మీద పెట్టి ఫోటో తీశాను.

మా ఆయన నవ్వాడు. "ఫోటో తీస్తే చీర ఇంకో గజం పెరుగుతాదా ఏమ్మే?"

"పెరగదు. ఉంటాది" అన్నాను.

అట్లా ప్రతి చీరకూ తీశాను. షావుకారు మనిషి వాకిట్లో నిలబడి తొందరపెడుతున్నా, మా ఆయన గొణుగుతున్నా, కాగితం రాసి పెట్టి తీసినాకే మడత. పదకొండు నెలల్లో నలభై చీరలయ్యాయి. అప్పుడప్పుడూ ఫోనులో వేలితో వెనక్కి జరుపుకుంటూ చూసేదాన్ని. చీరలతో పాటు నా రాత కూడా కనిపించేది. మొదటి చీర మీది కాగితంలో 'హ' పక్కకు ఒరిగి పడిపోతున్నట్టుంది. ఇరవయ్యో చీర దగ్గర నిలబడింది. ముప్పై దాటినాక నాకే ముచ్చటగా ఉంది. కాగితాలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, అన్నీ పొయ్యిలోకి పోయాయి. చీరలూ, నా అక్షరాలూ ఇప్పుడు ఆ ఫోనులో తప్ప ఎక్కడా లేవు.

దసరాలో ఆయుధపూజ చేశాం. ఆ రోజు మగ్గం ఆడదు. మగ్గాన్నంతా తుడిచి, పన్నెకు, అచ్చుకు, నాడెకు, రాట్నానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెడతాం. పని చేసే వస్తువు ఏదైనా ఆ రోజు బొట్టు లేకుండా ఉండకూడదు. మా అత్త నేర్పిన పద్ధతి ఒకటుంది. పడుగులో అటూ ఇటూ దారాన్ని మోసుకుపోయే నాడెకు బొట్టు ఎక్కడంటే అక్కడ పెట్టకూడదు. లోపలి కండె నుంచి దారం బయటికి వచ్చే చిన్న రంధ్రాన్ని మేం నాడె కన్ను అంటాం. ఆ కంటి దగ్గరే పెట్టాలి. దారం ఎక్కడ నడుస్తుందో అక్కడే పని నడుస్తుంది అని ఆమె చెప్పేది.

ఆ ఫోనుకు అది మొదటి ఆయుధపూజ. పీట మీద నాడె పక్కన ఫోను, చార్జరు కూడా పెట్టాను. ఎంత చక్కగా పూజ చేశానో ఇప్పటికీ గుర్తుంది.

పండగ అయిన నాలుగో రోజు నుంచి ఫోను సరిగా చార్జి ఎక్కడం మానేసింది. వైరు గుచ్చి పైకి ఎత్తి పట్టుకుంటే ఎక్కుతుంది, వదిలితే ఆగిపోతుంది. మా ఆయన తెగిన పడుగు పోగు తెచ్చి వైరును ఫోనుకు కట్టాడు. తెగిన దారాన్ని అతికినట్టే, రెండు వేళ్ళతో మెలిపెట్టి ముడి కనపడకుండా కట్టాడు. రెండు రోజులు ఎక్కింది. తర్వాత ఫోను కింద కండెల డబ్బా పెట్టి, ఎదురింటి చార్జరు తెచ్చి, పక్కింటి చార్జరు తెచ్చి చూశాం. మా వీధిలో ఉన్న చార్జర్లన్నీ మా ఇంటికి ఒకసారి వచ్చి పోయాయి. ఒకరోజు పొద్దున ఫోను నల్లగా అయిపోయింది. ఇంక వెలగలేదు.

"బస్టాండు కాడ రిపేరీ అంగడి ఉండాది కదా, ఇచ్చేసి రా. అర్ధగంటలో విప్పి చేసిస్తాడు" అన్నాడు మా ఆయన.

నేను పెట్టె తీశాను. ఫోను వచ్చిన అట్టపెట్టెను పసుపు గుడ్డలో చుట్టి పెళ్ళిచీర కింద దాచి ఉంచాను. అందులో ఒక కాగితం ఉంది. విప్పితే తువ్వాలంత అయింది. చీమల బారులాంటి అక్షరాలతో దేశంలోని భాషలన్నీ ఉన్నాయి. తెలుగు వెతికి పట్టుకొని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు తెలిసినవే, మాట మాత్రం పట్టు చిక్కడం లేదు. నాలుగు వరుసలు పోయేసరికి చెమటలు పట్టాయి. ఇన్నాళ్ళూ నేర్చుకున్నది మరిచిపోయానేమో అనుకున్నాను. మా ఆయన చిన్నప్పుడు మడకశిర దగ్గర, సరిహద్దు ఊళ్ళో మేనమామ ఇంట్లో పెరిగాడు. వచ్చి తొంగి చూసి పకపకా నవ్వాడు.

"అది కన్నడం! నీ తెలుగు దాని కింద ఉండాది చూడు."

కింద నిజంగానే తెలుగు ఉంది. అది చదవడానికి ఆ పూటంతా పట్టింది. ఫోనుకు కొన్ననాటి నుంచి పన్నెండు నెలలు వారంటీ. చార్జరుకు ఆరు నెలలే. కంపెనీవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు విప్పితే వారంటీ పోతుంది. నీళ్ళు పోయినా, వాడేవాళ్ళ తప్పు వల్ల చెడిపోయినా వారంటీ వర్తించదు. 'వర్తించదు' అనే మాటను మూడుసార్లు చదివి, మాకు అక్షరాలు నేర్పిన ఆ కోడలి దగ్గరికి పోయి అర్థం అడిగి వచ్చాను.

వేళ్ళు మడిచి లెక్క చూసుకుంటే పన్నెండు నెలలకు ఇంక నాలుగు రోజులే ఉంది.

"బస్టాండుకు వద్దు. విప్పితే పోతాదని రాసిండారు. కంపెనీ సర్వీసు సెంటరు హిందూపురంలో ఉండాదంట, ఆడికే పోతా" అన్నాను.

"నీకు నాలుగక్షరాలు వచ్చినాక మాకు ఊళ్ళు తిరిగే పని పడింది" అన్నాడు మా ఆయన. "నాకు నేత ఉండాది. నేను రాను."

"నిన్నెవరు రమ్మన్నారు?"

పక్కింటామె ఫోను నుంచి కూతురికి చెప్పాను. బిల్లు ఆమె దగ్గరే ఉంది. మరునాడు పొద్దున రైలెక్కాను. పెనుకొండ స్టేషన్‌లో రైలు ఆగేది రెండు నిమిషాలు. కూతురు డ్యూటీ బట్టల్లోనే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. కిటికీ కమ్మీల మధ్య నుంచి బిల్లు, పులిహోర డబ్బా అందించింది.

"బిల్లు లోపలి జిప్పులో పెట్టు మా. చేతిలో పట్టుకొని నిద్రపోవద్దు."

"నేనేమన్నా చంటిపిల్లనా?"

"చంటిపిల్లయితే చెప్పిన మాట వింటాది." తర్వాత గొంతు తగ్గించింది. "మా, ఫోటోలు పైన ఎక్కడా దాచిపెట్టలేదు నువ్వు. ఇంటర్నెట్‌లో దాచేది నేను నేర్పించాల్సింది, మర్చిపోయినా. ఫోను బాగు చేసేటప్పుడు లోపలుండేవి ఒక్కోసారి పోతాయి. వాళ్ళు యాడన్నా సంతకం పెట్టమంటే పెట్టొద్దు. ముందు నాకు ఫోన్ చెయ్యి."

"ఏ ఫోనుతో చేసేది?" అన్నాను.

ఆమె నోరు తెరిచి, నవ్వుతూ నెత్తి కొట్టుకుంది. రైలు కదిలింది.

హిందూపురం దాకా ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. ఫోను బాగుకాకపోతే పోనీ, ఇంకోటి కొనుక్కోవచ్చు. చీరలు పోతే? ఆ నలభై చీరలు ఇప్పుడు ఎవరెవరి ఒంటి మీద, ఏ ఊళ్ళ బీరువాల్లో ఉన్నాయో. షావుకారుకే తెలియదు. వాటిని నేను మళ్ళీ చూసే దారి ఆ ఫోను ఒక్కటే.

సర్వీసు సెంటరు బట్టల అంగడి పైన, మొదటి అంతస్తులో ఉంది. చల్లగా, తెల్లగా ఉంది. కౌంటర్లో ఒక అమ్మాయి నా బిల్లు చూసి, తారీఖు చూసి, "మూడు రోజుల్లో అయిపోతాండాది అమ్మా. సమయానికే వచ్చినారు" అని టోకెను ఇచ్చింది. కూర్చోగానే నా కళ్ళు గోడ మీదికి పోయాయి. అక్కడ తెలుగులో ఒక బోర్డు ఉంది. మరమ్మతు చేసేటప్పుడు ఫోనులోని ఫోటోలు, నంబర్లు పోయినచో సంస్థ బాధ్యత వహించదు. కూతురు చెప్పిందే గోడ మీద ఉంది. వచ్చిపోయేవాళ్ళు ఒక్కరూ దాన్ని చూడడం లేదు.

నా నంబరు పిలిచారు. లోపల ఒక మెకానిక్ భూతద్దం మిషన్ కింద ఫోను పెట్టాడు. పక్కనున్న చిన్న తెర మీద ఫోను చార్జింగు రంధ్రం బావి అంత పెద్దదిగా కనపడింది. దాని లోపలంతా ఎర్రగా గడ్డకట్టి ఉంది.

"తుప్పు అమ్మా. నీళ్ళు పోయినాయి" అన్నాడు.

"నీళ్ళలో పడలేదు నాయనా."

"మీకు తెలియకుండా పోయింటాయి. లోపల బోర్డుకు కూడా పట్టింటాది, బోర్డు మార్చాల. నీళ్ళు పోతే వారంటీ రాదు, మీరే దుడ్లు కట్టుకోవాల. బోర్డు మారిస్తే లోపలుండే ఫోటోలవీ ఏమీ ఉండవు. ఒప్పుకుంటే ఈడ సంతకం పెట్టండి, సాయంత్రానికి ఇచ్చేస్తాం."

కాగితం, పెన్ను నా ముందుకు వచ్చాయి. కాగితమంతా ఇంగ్లీషు. కింద గీత దగ్గర చిన్న పెన్సిలు గుర్తు పెట్టి ఉంది. నా బతుకులో ఇట్లాంటి గుర్తుల దగ్గర ఎన్ని వేలిముద్రలు వేశానో లెక్కలేదు. ఎక్కడ వేయమంటే అక్కడ వేసేదాన్ని. దేనికని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు సంతకం వచ్చు. సంతకం నేర్చుకున్నది పెట్టడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పెన్ను కింద పెట్టేశాను.

"ఇంకోసారి చూపించప్పా ఆ ఎరుపు" అన్నాను.

చూపించాడు. నేను తెర దగ్గరికి వంగి చూశాను. తుప్పు సంగతి నేతింటివాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. పోగుల్ని దువ్వే పన్నెలోని ఉక్కు పుల్లకు తుప్పు పడితే అది పట్టు మీదికి దిగుతుంది, చీర పాడవుతుంది. అందుకే పొద్దున లేచి పన్నె చూసుకున్నాకే కాఫీ తాగుతాం. తుప్పు ఎరుపులో మట్టిరంగు ఉంటుంది. ఈ ఎరుపులో మట్టి లేదు. అంచుల్లో పసుపు కూడా కనపడుతోంది. ఈ రంగు నేను రోజూ నా నొసటి మీద చూసేదే.

అప్పుడు తెలిసింది. అత్త నేర్పిన పద్ధతి ప్రకారం, నాడెకు కంటి దగ్గర పెట్టినట్టే, ఫోనుకు కరెంటు లోపలికి పోయే చోట బొట్టు పెట్టాను. తడి పసుపు, దాని మీద కుంకుమ. నిలవడానికని వేలితో గట్టిగా అదిమి పెట్టాను. చార్జరు పిన్నుకు కూడా.

వాడేవాళ్ళ తప్పు వల్ల చెడిపోతే వారంటీ వర్తించదు. ఆ వరుస నేను ముందురోజే చదివాను. చదవకపోయి ఉంటే తెలియనిదానిలా ఊరుకునేదాన్నేమో. ఇప్పుడు నోరు మూసుకుంటే వాళ్ళు బోర్డు మారుస్తారు, చీరలు పోతాయి. నోరు తెరిస్తే తప్పు నాదేనని తేలుతుంది, ఫోను చేతిలో పెట్టి పంపేస్తారు. పంపితే పంపనీ, చీరలు లోపలే ఉంటాయి, ఇంకెక్కడన్నా చూపించుకోవచ్చు అనుకున్నాను.

"అది తుప్పు కాదు నాయనా. కుంకుమ. నేనే పెట్టినా."

అతనికి అర్థం కాలేదు. "కుంకుమ ఆడికెట్ల పోతాది?"

"ఆయుధపూజకు బొట్టు పెట్టినా. దారం వచ్చే కంటి కాడ పెట్టాల గదా!"

నాడె సంగతంతా చెప్పాను. కౌంటర్లో అమ్మాయి కూడా లేచి వచ్చింది. మెకానిక్ కాసేపు నా ముఖం, కాసేపు తెర చూసి, సన్నటి సూదితో ఆ గడ్డను కొంచెం గీకి తెల్లకాగితం మీద రాల్చాడు. వాసన చూసి కాగితం అమ్మాయికి అందించాడు. ఆమె కూడా చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను, ఏం చేసేది.

"అమ్మా, ఆయుధపూజకు మేము కూడా ఈ మిషన్లకు బొట్టు పెట్టినాం" అన్నాడు మెకానిక్, కళ్ళు తుడుచుకుంటూ. "కానీ మేము పైన పెట్టినామమ్మా, పైన!"

నిజమే. ఆ అద్దం మిషన్ నెత్తిన కుంకుమ బొట్టు ఇంకా చెరగకుండా ఉంది.

ఏదో మందులో ముంచిన చిన్న బ్రష్షుతో అరగంట శుభ్రం చేశాడు. ఎర్రటి పొడి రాలుతూ ఉంటే నేను పక్కనే కూర్చొని, మగ్గం మీద తెగిన పోగును అతుకుతుంటే చూసినట్టు చూశాను. తర్వాత వాళ్ళ చార్జరు గుచ్చాడు. చాలాసేపు నల్లగానే ఉంది. మెల్లగా తెర మీద పచ్చటి గీత లేచింది.

"బోర్డుకేం కాలేదమ్మా. ఫోను బాగుండాది."

ఫోను వెలగగానే ఫోటోలు తెరిచాను. వంగపండు, హంస అంచు. ఒరిగిపోయిన 'హ'. అన్నీ ఉన్నాయి. అమ్మాయి నా భుజం మీద నుంచి తొంగి చూసింది.

"ఇవన్నీ మీ ఇంట్లో నేసినవా అమ్మా? ఈ నెమలికంఠం చూడు! మరి ఆ కాగితం ఎవరు రాసినారు?"

"నేనే" అన్నాను.

ఆమె ఒక్కొక్క కాగితం పైకి చదువుతూ పోయింది. నేను రాసినదాన్ని ఒక కొత్తమనిషి గడగడా చదవడం అదే మొదలు. ఎక్కడా తడబడలేదు. అంటే నేను సరిగ్గానే రాశానన్నమాట.

తర్వాత నా చార్జరు పరీక్షించారు. అది పోయింది.

"చార్జరుకు ఆర్నెల్లే అమ్మా" అంది అమ్మాయి, బాధగా.

"తెలుసు పాపా. చదివినా. కొత్తది ఇవ్వు."

ఫోను పనికి ఏమీ తీసుకోలేదు. ఇంకో కాగితం వచ్చింది, అదీ ఇంగ్లీషే. సంతకం పెట్టే ముందు ఏం రాశారో చదివి చెప్పమన్నాను. రంధ్రంలో దుమ్ము చేరింది, వారంటీలో శుభ్రం చేసి ఇచ్చాం అని ఉందంట.

"కుంకుమను దుమ్మంటారా ఎవరన్నా?" అన్నాను.

"ఈ కంప్యూటర్లో జబ్బుల పట్టీ ఒకటుంటాదమ్మా, అందులోవే రాయాల" అంది. "నీళ్ళు ఉండాది, దుమ్ము ఉండాది, కింద పడింది ఉండాది. కుంకుమ లేదు."

సరే అని సంతకం పెట్టాను. నిదానంగా, ఒత్తు దిగజారకుండా పెట్టాను. మెకానిక్ ఫోను చేతికిస్తూ, "మళ్ళీ దసరాకు వెనకపక్క పెట్టండమ్మా, అట్ట మీద" అన్నాడు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగినప్పుడు మా కూతురు అక్కడే ఉంది. కిటికీలో నుంచి వెలుగుతున్న ఫోను చూపించాను. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకా, ఫోనుకా తెలియలేదు. ఆ ఆదివారమే వచ్చి ఫోటోలన్నీ ఇంటర్నెట్‌లో దాచింది. దాచిన వాటిని మళ్ళీ ఎట్లా తెరవాలో నాతోనే నాలుగుసార్లు చేయించింది.

ఇంట్లో కుంకుమ సంగతి చెప్పినాక మా ఆయన రెండు రోజులు నవ్వాడు. వీధిలో కనపడినవాళ్ళకల్లా చెప్పాడు. ఎవరింటికి పోయినా "మీ ఫోనుకు బొట్టు పెట్టించుకుంటారా?" అనే మాటే. ఆడనీ అని ఊరుకున్నాను. మూడోరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అవేవో చీరలు అన్నావే, చూపీ."

చూపించాను. ఆయన ఒక్కొక్కదాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు. నేసేటప్పుడు మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి చేతికిందున్న నాలుగు వేళ్ళంతే కనపడుతుంది. నేసినదంతా ముందున్న దోనె అనే కర్రదుంగకు చుట్టుకుంటూ పోతుంది. కోసినాక మడత తొందర. ఆయన తన చీరను తీరిగ్గా కూర్చొని చూడడం అదే మొదలేమో.

"ఇది నేనే నేసినానా?" అన్నాడు ఒకదాని దగ్గర. ఇంకోదాని దగ్గర ఆగి, "మామిడి పిందె అని రాసినావే, ఇది జీడిపిందె. తోక చూడు, లోపలికి తిరిగిండాది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కాసేపు వాదించుకున్నాం.

ఆ వారం చివర మగ్గం మీదున్న అరటిచిగురు రంగు చీర అయిపోయింది. నేను వంటింట్లో ఉన్నాను. షావుకారు మనిషి అప్పటికే వాకిట్లో నిలబడి, టైమైందని గడియారం చూపిస్తున్నాడు. మా ఆయన చీర కోసి, పైటకొంగు చాప మీద పరిచి, ముడతలు అరచేత్తో సర్ది, నన్ను కేకేశాడు.

"ఏమ్మే, కాగితం రాసుకోని రా. మడతపెట్టాల."